స్టార్ల కోసం వచ్చే జనం వల్ల బాక్సింగ్‌కి మేలా, నష్టమా?

స్టార్ల వల్ల, ఏడాదికి ఒక్క ఫైట్ మాత్రమే చూసే జనం వల్ల బాక్సింగ్ బాగుపడుతోందా, పాడవుతోందా అని అడిగారు. కాలేజీలో ఉన్నప్పుడు రెండేళ్లకు పైగా పొద్దున్నే అయిదున్నరకి ప్రాక్టీస్‌కి వెళ్లేవాణ్ణి, అప్పుడు అడిగితే నష్టమే అని గట్టిగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను. జనం రావడంలో తప్పేమీ లేదు, వచ్చినవాళ్లకి ఏం చూపిస్తున్నారన్నదే అసలు సంగతి.

2024 నవంబర్ 16, శనివారం పొద్దున. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో మైక్ టైసన్‌కీ, యూట్యూబ్‌లో పేరు తెచ్చుకుని బాక్సింగ్‌లోకి వచ్చిన జేక్ పాల్‌కీ ఫైట్, నెట్‌ఫ్లిక్స్‌లో లైవ్. హైదరాబాద్‌లో మా ఇంట్లో అమ్మ, పెద్దమ్మ కొడుకు, పక్క ఫ్లాట్ అంకుల్ అందరూ టిఫిన్ ప్లేట్లతో టీవీ ముందు కూర్చున్నారు. రౌండ్ ఎన్ని నిమిషాలో వాళ్లలో ఒక్కరికీ తెలీదు కానీ టైసన్ పేరు మాత్రం అందరికీ తెలుసు. "టైసన్ ఎప్పుడొస్తాడ్రా" అని అన్నయ్య పది నిమిషాలకోసారి అడుగుతున్నాడు.

టైసన్ కంటే ముందు మహిళా బాక్సర్లు కేటీ టేలర్, అమాండా సెరానో వచ్చారు. తలలు ఢీకొని సెరానో కుడి కంటి పైన చిట్లింది, రౌండ్ రౌండ్‌కీ రక్తం కారుతూనే ఉంది, అయినా ఆ అమ్మాయి వెనక్కి తగ్గకుండా పంచ్‌లు వేస్తూనే ఉంది. "ఆపమని చెప్పండ్రా ఎవరైనా, కన్ను పోతుంది" అని అమ్మ ఒకటే గొడవ. పదో రౌండ్‌కి అన్నయ్య లేచి నిలబడ్డాడు. ముగ్గురు జడ్జీలూ 95-94 అని టేలర్‌కే ఇచ్చేసరికి అతనికి కోపం వచ్చింది, ఇదేం లెక్కరా అన్నాడు. రౌండ్ గెలిస్తే 10, ఓడితే 9, టేలర్ ఆరు రౌండ్లు గెలిచినట్టు రాశారు, తల తగిలిస్తోందని ఎనిమిదో రౌండ్‌లో రిఫరీ ఒక పాయింటు తీసేశాడు, అందుకే 96 కాకుండా 95 అయిందని పేపర్ మీద వేసి చూపించాను. ఆ పొద్దున అతను బాక్సింగ్ స్కోరు లెక్కపెట్టడం నేర్చుకున్నాడు.

తర్వాత టైసన్ వచ్చాడు. 58 ఏళ్ల మనిషి, ఎదురుగా 27 ఏళ్ల కుర్రాడు. రెండేసి నిమిషాల రౌండ్లు ఎనిమిది, మామూలు కంటే బరువైన 14 ఔన్సుల గ్లవ్స్. మూడో రౌండ్ నుంచే టైసన్ కాళ్లు కదలడం మానేశాయి, స్టేడియంలో జనం గోల చేశారు, నాకైతే చూడబుద్ధి కాలేదు. కానీ సెరానో ఫైట్లు పెట్టే కంపెనీ ఆ జేక్ పాల్‌దే. అతని పేరు, టైసన్ పేరు లేకపోతే మా అమ్మ ఆ ఇద్దరు ఆడవాళ్లని ఎప్పటికీ చూసేది కాదు. 2025 జులైలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాళ్లిద్దరిదీ మూడో ఫైట్ జరిగింది, కార్డు, అంటే ఆ రోజు ఫైట్ల జాబితా, మొత్తం ఆడవాళ్ల ఫైట్లే. ముందురోజు రాత్రి ఫోన్ చేసి గుర్తుచేసింది అన్నయ్యే.

నష్టం లేదని కాదు. అమెరికా బాక్సర్ మేవెదర్, ఫిలిప్పీన్స్ బాక్సర్ పాకియావ్ ఫైట్ గురించి 2009 చివర్లోనే మాటలు మొదలైతే, డోపింగ్ రక్తపరీక్షల దగ్గర పేచీ వచ్చి, చివరికి జరిగింది 2015 మే 2న. అప్పటికి ఒకరికి 38, ఇంకొకరికి 36. అమెరికాలో ఇంట్లో కూర్చుని చూడ్డానికే దాదాపు వంద డాలర్లు, 46 లక్షల కొనుగోళ్లు. పాకియావ్‌కి భుజం గాయం ఉందని ఫైట్ అయ్యాక బయటపడింది. బాక్సింగ్ మొదటిసారి చూసిన వాళ్లు చాలామంది ఇంతేనా అనుకున్నారు, వాళ్లని నేను తప్పుపట్టను. ఆలస్యమయ్యేకొద్దీ రేటు పెరుగుతుందని స్టార్లకి తెలుసు, మంచి ఫైట్ మాత్రం ఆ ఆలస్యంలోనే పోయింది.

జనం వల్ల బాధ కలిగింది మాత్రం ఇంట్లోనే. 2022లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాక, మా అక్క కూతురు గ్లవ్స్ కొనివ్వమని పట్టుబట్టి ట్రైనింగ్‌లో చేరింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ రెండో బౌట్‌లోనే ఓడిపోయేసరికి ఫ్యామిలీ గ్రూపులో ఒకరు "ఈ మాత్రానికి అంత హడావుడి ఎందుకు" అని పెట్టారు, పిల్ల అది చదివి ఏడ్చింది. రెండుసార్లు వరల్డ్ ఛాంపియన్ అయినా నిఖత్‌కి అక్కడ సీడింగ్ (గట్టివాళ్లు మొదట్లోనే ఒకరికొకరు తగలకుండా ఇచ్చే ర్యాంకు) లేదు, అందుకే అంత తొందరగా టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది, ఆ వూ యూనే తర్వాత గోల్డ్ కొట్టింది అని నేను రాశాను. పెట్టినవాళ్లు సారీ చెప్పారు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే. పిల్ల ఇప్పటికీ ప్రాక్టీస్‌కి వెళ్తోంది.

మీరు కొత్తగా చూడాలనుకుంటే టేలర్, సెరానోల మొదటి ఫైట్‌తో మొదలుపెట్టండి, 2022 ఏప్రిల్ 30ది. అయిదో రౌండ్‌లో టేలర్ పని అయిపోయిందనిపిస్తుంది, అక్కడ మాత్రం ఆపకండి.