పరీక్షలు అయ్యేదాకా ఆగకండి

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. హైస్కూల్లో ఆఖరి సంవత్సరం. ఇదివరకు చదువులో ముందుండేవాడు, స్కూలు వాలీబాల్ టీములో ఆడేవాడు. కొన్ని నెలలుగా ఆట మానేశాడు. స్నేహితులు ఫోన్ చేసినా ఎత్తడు. రాత్రి ఎప్పటికో పడుకుంటాడు, సెలవురోజైతే మధ్యాహ్నందాకా లేవడు. ఏమడిగినా కసురుకుని తలుపు వేసుకుంటాడు. మార్కులు బాగా పడిపోయాయి. 'ఫోను పిచ్చి, బద్ధకం' అంటారు మావారు. మొన్న గది సర్దుతుంటే నోటు పుస్తకంలో 'నేను లేకపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు' అని రాసి ఉంది. నేను చూసినట్టు వాడికి తెలియదు. ఇంకో మూడు నెలల్లో ఫైనల్ పరీక్షలు. అవి అయ్యాక డాక్టరుకి చూపిద్దాం అంటున్నారు ఆయన. నలుగురికీ తెలిస్తే పిల్లాడి భవిష్యత్తు ఏమవుతుందోనని నాకూ భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ నోటు పుస్తకం సంగతి. ఆ వాక్యం లేకపోతే 'ఈ వారంలో డాక్టరును కలవండి' అనేదాన్ని. అది ఉంది కాబట్టి, ఈ రోజే మీ అబ్బాయితో మాట్లాడమంటున్నాను. తాను ఇంట్లోవాళ్లకు బరువయ్యానని అతను నమ్ముతున్నాడు. చావు గురించి ఆలోచించే పిల్లల్లో తరచుగా కనిపించే నమ్మకం ఇది. ఏదో కోపంలో గీకిన గీతలే అని కొట్టిపారేయడానికి లేదు.

అడగడం సూటిగానే అడగాలి. గుమ్మంలో నిలబడి కాదు, పక్కన కూర్చుని. "నాన్నా, గది సర్దుతుంటే నీ పుస్తకంలో ఆ మాట కనిపించింది. చూశాక నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అనండి. ఆ మాట నోటితో అంటే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని తల్లిదండ్రులు వెనకాడతారు. న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూళ్లలో రెండువేల మందికి పైగా విద్యార్థులతో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగిన పిల్లల్లో, అడగనివాళ్లకంటే ఆ ఆలోచనలు గానీ బాధ గానీ పెరగలేదు. పైగా అప్పటికే డిప్రెషన్ లక్షణాలున్న పిల్లలకు అడిగాక కాస్త తేలికపడినట్టే కనిపించింది.

అతను అవునంటే, ఎలా చేసుకోవాలన్నది కూడా ఆలోచించాడా అని అడగండి. ఆలోచించి ఉంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. అప్పటికప్పుడు ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, మీరుండే చోట ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ ఉంటే దారిలోనే ఫోన్ చెయ్యండి. కాదని చెప్పినా సరే, ఇంట్లో ఉన్న మందులన్నీ, ప్రాణానికి ముప్పు తెచ్చే ఇతర వస్తువులూ ఈ రోజే అతనికి అందకుండా తాళం వేసి పెట్టండి. ఈ ఆలోచన అలలా వచ్చిపోతుంటుంది. ఆ ఉధృతిలో ఉన్న కాసేపు చేతికి ఏమీ అందకపోవడం ప్రాణం కాపాడుతుంది.

ఒక్కటి మాత్రం అనకండి. 'నీకేమైనా అయితే నేను బతకలేను' అన్నది తల్లి నోట సహజంగా వచ్చే మాటే, అందులో అబద్ధమూ లేదు. కానీ తానే బరువనుకుంటున్న పిల్లాడికి అది మరో బరువు. దాని బదులు "నువ్వు చెప్పడం మంచిదైంది, ఇక దీన్ని నువ్వొక్కడివే మొయ్యక్కర్లేదు" అనండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. డాక్టరుకు చెప్పాల్సి వస్తుంది.

ఇక బద్ధకం సంగతి. బద్ధకించే పిల్లాడు తనకిష్టమైన పనికైనా లేస్తాడు. మీ అబ్బాయి వాలీబాల్‌కి కూడా లేవడం లేదు. ఒకప్పుడు సంతోషం ఇచ్చినవేవీ ఇప్పుడు ఇవ్వకపోవడం డిప్రెషన్‌కు ఉన్న రెండు ముఖ్య లక్షణాల్లో ఒకటి. రెండోది దిగులు. అయితే ఈ వయసులో దిగులు దిగులులాగే కనిపించాలని లేదు. కసురుకోవడం, చిరాకు, తలుపు దఢాలున వెయ్యడం, ఇలా కూడా బయటపడుతుంది. వైద్యులు రోగనిర్ధారణకు వాడే ప్రమాణాల్లోనే పిల్లలు, టీనేజర్ల విషయంలో దిగులు స్థానంలో చిరాకునూ లెక్కలోకి తీసుకోవచ్చని ఉంది. ఏడ్చే పిల్లను దగ్గరకు తీసుకుంటాం, కసిరే పిల్లాణ్ణి తిడతాం. అందుకే మగపిల్లల్లో ఈ జబ్బు చాలాకాలం పొగరుగా, బద్ధకంగా చలామణీ అయిపోతుంది. ఇలాంటి లక్షణాలు రెండు వారాలపాటు దాదాపు రోజూ ఉన్నా చాలు, పట్టించుకోవాలి. మీరు చెబుతున్నది నెలల సంగతి.

నిద్ర విషయంలో మీవారి మాటలో సగం నిజముంది. యౌవనంలో శరీరంలోని గడియారం వెనక్కి జరుగుతుంది, నిద్ర తెచ్చే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. అందుకే హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో సూచించింది. కాబట్టి ఆలస్యంగా పడుకోవడమే జబ్బు కాదు. మిగతా వాటితో కలిసి వచ్చినప్పుడే అనుమానించాలి. ఫోను రాత్రిపూట నిద్ర చెడగొడుతుంది, నిజమే. అయినా ఇప్పుడు లాక్కోకండి. బయటి ప్రపంచంతో అతనికి మిగిలిన తీగ అదొక్కటే కావచ్చు. కాస్త కోలుకున్నాక, పడుకునే ముందు ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో పెట్టేలా మాట్లాడుకోవచ్చు.

పరీక్షలు అయ్యాక చూపిద్దాం అన్న మాట దగ్గర నేను మీవారితో ఏకీభవించలేను. ఏకాగ్రత కుదరకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం ఈ జబ్బు లక్షణాలే. వైద్యం ఆపి చదివిస్తే, ఆ చదువే సాగదు. లెక్క వేసి చూడండి. మందు మొదలుపెడితే దాని గుణం తెలియడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మాటలతో చేసే చికిత్సకు మూడు నెలలు. ఇప్పుడు మొదలుపెడితే పరీక్షల నాటికి అతను కాస్త నిలదొక్కుకోవచ్చు. ఆగితే, జబ్బు ముదిరి ఉండగా పరీక్షలూ, వెనకే ఫలితాలూ వచ్చిపడతాయి. ఆ రోజులకు అతన్ని అలా వదలాలంటే నాకు భయం. ఒకవేళ ఈ ఏడు రాయలేకపోతే వచ్చే ఏడు రాస్తాడు. ఈ సంగతి మీరిద్దరూ ముందు మనసులో ఒప్పుకుని, తర్వాత అతనితో పైకి చెప్పండి. ఆ ఒక్క మాటతోనే కొందరు పిల్లలకు ఊపిరాడుతుంది.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుందో తెలిస్తే బెరుకు తగ్గుతుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇలాగే నీరసం తెస్తాయి కనుక రక్తపరీక్ష చేయించవచ్చు. తర్వాత నిద్ర, ఆకలి, ఆలోచనల మీద ప్రశ్నలుంటాయి. మీ ఇళ్లలో ఎవరికైనా డిప్రెషన్ గానీ, బైపోలార్ జబ్బు (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు దిగులు) గానీ ఉంటే దాచకుండా చెప్పండి, మందు ఎంపిక దాన్నిబట్టి మారుతుంది. చికిత్స పనిచేస్తుందా అంటే, 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 439 మందితో అమెరికాలో చేసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందుతోపాటు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచించే తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) కూడా అందుకున్నవాళ్లలో 12 వారాలకు 71 శాతం మందికి బాగా మెరుగైంది. మందు ఒక్కటే అయితే 61 శాతం, థెరపీ ఒక్కటే అయితే 43, మందేమీ లేని ఉత్తుత్తి మాత్రతో 35.

మందుల గురించి మీరు ఇంకో మాట వింటారు, అది నా దగ్గరే వినండి. టీనేజర్లలో డిప్రెషన్ మందులు ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో హెచ్చరిక పెట్టించింది. ఆ సంస్థ పరిశీలించిన ప్రయోగాల్లో మందు వాడినవాళ్లలో నూటికి సుమారు నలుగురికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో ఇద్దరికి అలాంటి ఆలోచనలో, ప్రయత్నాలో కనిపించాయి. ఎవరూ చనిపోలేదు. దీన్నిబట్టి మందు మానుకోనక్కర్లేదు, మొదటి కొన్ని వారాలు కంట్లో పెట్టుకుని చూసుకోవాలి. కొత్తగా ఆందోళన, అసహనం, బొత్తిగా నిద్రలేమి కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. బాగుపడగానే మీ అంతట మీరు ఆపేయకండి. తగ్గాక కూడా కొన్ని నెలలు కొనసాగించి, మెల్లగా తగ్గిస్తారు.

నలుగురికీ తెలియాల్సిన పని లేదు. డాక్టరుకు, మీ ఇద్దరికీ, మీ అబ్బాయి ఒప్పుకుంటే స్కూల్లో ఒక్క టీచరుకు తెలిస్తే చాలు. ఆ టీచరు ద్వారా హోంవర్కు గడువుల్లో సడలింపు అడగవచ్చు.

మీవారితో వాదనకు దిగకండి. ఆయన కోపం వెనక కూడా భయమే ఉండి ఉంటుంది. నోటు పుస్తకంలోని వాక్యం ఆయనకు చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. చెప్పకపోతే ఈ రోజే చెప్పండి. ఆయన్ను ఒక్క పని అడగండి, రోజూ కాసేపు కొడుకుతో కలిసి బయట నడవాలి. చదువు ఊసెత్తకూడదు. పిల్లాడు ఏమీ మాట్లాడకపోయినా పర్వాలేదు.

డాక్టరు దగ్గరకు రానంటాడేమో. మొదటిసారి చాలామంది అలాగే అంటారు. "నీకు పిచ్చని కాదు, నీకు నిద్ర, ఓపిక లేకుండా పోయాయి, అవి చూపించుకుందాం" అనండి. అక్కడికి వెళ్లాక కాసేపు మీరు బయటికి వచ్చేయండి. ప్రేమ, మద్యం, స్కూల్లో ఎవరైనా ఏడిపించడం లాంటివి తల్లి ముందు చెప్పలేడు. అప్పటికీ కదలకపోతే అపాయింట్‌మెంట్ మాత్రం రద్దు చేయకండి. ఆ నోటు పుస్తకంలోని వాక్యం, ఎప్పటినుంచి ఏమేం మారాయో ఒక కాగితం మీద రాసుకుని మీరిద్దరే వెళ్లండి. అతన్ని ఎలా తీసుకురావాలో, ఎప్పుడు ఆగకుండా ఎమర్జెన్సీకి రావాలో డాక్టరే చెబుతారు.