పెళ్లి డీవీడీ కాపీ సగంలో ఆగిపోతుంటే

తమ్ముడూ, మిర్యాలగూడలో అయిన మీ అక్క పెళ్లి డీవీడీ కాపీ చేస్తుంటే సరిగ్గా తలంబ్రాల దగ్గర ఆగిపోతోందన్నావు కదా, టెన్షన్ పడకు. ముందు డిస్కును మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు సూటిగా తుడువు. గుండ్రంగా రుద్దితే గీత డేటా వెంబడే పడుతుంది. నల్లగొండలో మా ఇంట్లో బీరువా అడుగున దొరికిన డిస్కుకు పసుపు వేలిముద్రే అసలు రోగం!

అప్పటికీ ఆగితే విండోస్ కాపీ వదిలెయ్, ఒక్క ఎర్రర్‌కే చేతులెత్తేస్తుంది. విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో, డీడీరెస్క్యూ అనే డేటా రికవరీ ప్రోగ్రామ్ వాడు. బాగున్న భాగం ముందు లాగేసి, చెడినచోటికి మళ్లీ మళ్లీ వెళ్తుంది. రాత్రంతా పట్టినా పట్టొచ్చు. సింగిల్ లేయర్ (ఒకే పొర) డిస్కయితే అలా వచ్చే ఐఎస్‌ఓ ఫైలు, అంటే డిస్కు మొత్తం నకలు, 4.7 జీబీ దాటదు. ఫోన్లో చూడ్డానికి హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌తో ఎంపీ4 చేసుకో, ఐఎస్‌ఓ మాత్రం డిలీట్ చేయకు. ఇంకో కాపీ అక్కకే ఇచ్చెయ్.