పాత సామాన్ల కొట్లో ఏదైనా కొనేముందు బోర్లించి చూడు

అమ్మడూ,

కొలంబస్‌లో అపార్ట్‌మెంట్ దొరికిందని, వంటసామానంతా ఒక్క రాత్రిలో ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తానని మీ అమ్మతో అన్నావట. కాస్త ఆగవే. నువ్వు దిగింది ఒహాయోలో. ఈ దేశంలో ఒకప్పుడు ఇనప పెనాలు, పింగాణీ, గాజుగిన్నెలు, మిక్సర్లు చేసిన ఊళ్లు చాలానే నీకు గంట నుంచి నాలుగు గంటల కారు దూరంలో ఉన్నాయి. అక్కడ తయారైనవి ఆ చుట్టుపక్కల ఇళ్లలోనే నలభై యాభై ఏళ్లు వాడతారు, ఇంట్లో ముసలివాళ్లు పోయాకో చిన్న ఇంటికి మారాకో పిల్లలు అట్టపెట్టెల్లో సర్ది గుడ్‌విల్‌లోనో సాల్వేషన్ ఆర్మీలోనో, అంటే దానంగా వచ్చినవి అమ్మే పాత సామాన్ల కొట్లలో, దించేసి వెళ్లిపోతారు. అందుకే కాలిఫోర్నియాలో ఉన్న మన వాళ్లకి దొరకనివి నీకు దొరుకుతాయి.

"ఎవరో వాడినవి మనకెందుకు" అని మీ అమ్మ అంటుంది, అననీ. పాత చీరలు వేసి స్టీలు గిన్నెలు తీసుకున్న మనిషే కదా, ఆ చీరలు తర్వాత ఎవరు కట్టుకున్నారనుకుంటోందో అడుగు. ఇనుము, గాజు, స్టీలు కడిగితే శుభ్రమవుతాయి. పరుపులు, దిళ్లు, సోఫాలు మాత్రం వద్దు, నల్లులు ఒకసారి ఇంట్లో చేరితే వదలవు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదీ. పేరు చూసి కొనకు. ఇక్కడ కంపెనీ పోయినా పేరు పోదు, ఇంకొకడు కొనుక్కుంటాడు, అదే పేరుతో ఇంకో దేశంలో ఇంకో రకం సరుకు చేయించి అమ్ముతాడు. అందుకే ప్రతి వస్తువునీ బోర్లించి అడుగు చూడాలి. అక్కడ ఊరి పేరు ఉంటే సంతోషం. "డిజైన్డ్ ఇన్ యూఎస్ఏ" అంటే బొమ్మ ఇక్కడ గీశారని, అంతే. "డిస్ట్రిబ్యూటెడ్ బై" అని కింద అమెరికా అడ్రస్ ఉంటే అది గోడౌన్ అడ్రస్. ఏమీ రాయకపోతే ఇక్కడిదే అనుకోవడానికీ లేదు, బయటి దేశం పేరున్న కాగితం స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయి ఉండొచ్చు. ఇక్కడ చేసిందైతేనే మంచిదని నేను జెండా పట్టుకుని తిరగడం లేదు, ఆ కాలంలో వీళ్లు చేసిన కొన్ని వస్తువులు బరువుగా, విప్పి బాగుచేసుకునేలా ఉండేవి, నాకు కావాల్సింది అది.

ముందు దోసె పెనం సంగతి. మన వాళ్లందరూ నాన్‌స్టిక్ కొని, రెండేళ్లకి పొర లేచిపోతే పారేసి మళ్లీ కొంటారు. నువ్వు పాత పోత ఇనుము పెనం వెతుకు. అడుగున రెండు వృత్తాలు, మధ్యలో ప్లస్ లాంటి గుర్తు, అందులో గ్రిస్‌వోల్డ్ అని, కింద "ఈరీ పీఏ" అని ఉంటే అది పెన్సిల్వేనియాలోని ఈరీ ఊరిది. ఆ ఫ్యాక్టరీ 1957లో మూతపడింది. గ్రిస్‌వోల్డ్ అని ఉండి ఈరీ పేరు లేకపోతే తర్వాత ఆ పేరు కొనుక్కున్నవాళ్లు పోసిందని అనుమానించు. వాగ్నర్ అని ఉంటే మీ ఒహాయోలోని సిడ్నీ ఊరిది, మీ ఇంటికి గంటన్నర. పెనం మీదే "మేడ్ ఇన్ యూఎస్ఏ" అని పోతలో ఉంటే అది సాధారణంగా 1960ల తర్వాతది, అదీ వాడుకోడానికి బాగానే ఉంటుంది. పైన 8, 9 అని ఉన్న అంకెలు అంగుళాలు కావు, పాత కట్టెల పొయ్యి కన్నాల సైజులు. ఎనిమిదో నంబరు పెనం దాదాపు పదిన్నర అంగుళాలు ఉంటుంది. లోతుగా ఉండే స్కిల్లెట్ కాకుండా అంచు తక్కువగా ఉండే గుండ్రటి గ్రిడిల్ దొరికితే అది దోసెకి పుట్టిందే.

పాతదే ఎందుకంటే, ఆ రోజుల్లో పోత పోశాక లోపలి భాగాన్ని అరగదీసి నున్నగా చేసేవాళ్లు. చేత్తో నిమిరి చూడు, తెలిసిపోతుంది. ఇప్పటి లాడ్జ్ పెనం కూడా అమెరికాలోనే, టెన్నెస్సీలోనే పోస్తారు, 1896 నుంచి ఉన్న కంపెనీ, మంచిదే, కానీ పైన ఇసుక గరుకు ఉంటుంది, గరిటెతో పిండి తిప్పుతుంటే పట్టేస్తుంది. నున్నటి పెనం మీద పిండి దానంతట అదే జారుతుంది.

కొనేముందు కొట్లో గాజు అరమీదో గచ్చు మీదో పెట్టి నొక్కి చూడు. ఊగితే వంగిపోయిందన్నమాట, మీ అపార్ట్‌మెంట్ గ్లాస్ స్టవ్ మీద పనికిరాదు. వేలి కణుపుతో కొట్టు, టంగుమని మోగాలి, బొంగురుగా వినిపిస్తే ఎక్కడో నెర్రె ఉంది. మామూలు తుప్పుకి భయపడకు, కానీ ఇనుమంతా ఎర్రమట్టి రంగుకి తిరిగి పొలుసులు లేచి ఉంటే ఎవరో మంటలో పడేసి కాల్చారు, ఎంత నూనె పెట్టినా నిలవదు, వదిలెయ్. ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. ఇక్కడ కొందరు పాత ఇనప గిన్నెల్లో సీసం కరిగించి తుపాకీ గుళ్లు, గాలం బరువులు పోసుకునేవాళ్లు. అందుకని పాతది ఇంటికి తెచ్చాక లెడ్ టెస్ట్ కిట్‌తో ఒకసారి చూసుకో. అందులో తేలితే వంటకి వాడొద్దు, ఎంత మంచి పేరున్నా సరే.

శుభ్రం చేయడానికి టెన్షన్ అక్కర్లేదు. లై, అంటే కాస్టిక్ సోడా, ఉన్న ఓవెన్ క్లీనర్ కొట్టి, చెత్త కవరులో మూటకట్టి ఒకటి రెండు రోజులు బాల్కనీలో పెట్టు. చేతికి గ్లౌజులు, కిటికీలు తెరిచి ఉండాలి. పాత జిడ్డంతా నల్లటి పేస్టులా కారిపోతుంది. మిగిలిన తుప్పుకి వెనిగరు, నీళ్లు సమానంగా కలిపి అరగంట నానబెట్టి పీచుతో రుద్దు, రాత్రంతా వదిలేస్తే ఇనుమే తినేస్తుంది. కడిగి, వెంటనే స్టవ్ మీద ఆరబెట్టి, నూనె రాసి, ఆ నూనె పొరపాటున రాశానేమో అన్నట్టు మొత్తం తుడిచేసి, 450 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో బోర్లించి గంట ఉంచు. ఇలా మూడు నాలుగుసార్లు. తర్వాత రోజూ సగం ఉల్లిపాయ నూనెలో ముంచి రుద్దడం మనకి తెలిసిందేగా. చింతపండు పులుసు మాత్రం అందులో కాచకు, పెట్టిన పొరంతా పులుపుకి పోతుంది. ఓవెన్ సెల్ఫ్ క్లీన్‌లో పెట్టమని ఎవరైనా చెబితే వినకు, పెనం వంగిపోతుంది.

ఇక గాజు, పింగాణీ. తెల్లటి గిన్నె మీద చిన్న నీలం పూలు ఉండే కార్నింగ్‌వేర్ నీకు తప్పకుండా కనిపిస్తుంది. 1953లో కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ అనే ఆయన గాజుముక్క కొలిమిలో పెడితే వేడి ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువైపోయిందట, తీస్తుంటే జారి కింద పడినా పగల్లేదట, ఆ పదార్థంతోనే 1958లో ఈ గిన్నెలు వచ్చాయి. ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా స్టవ్ మీద పెట్టొచ్చు. చారుకి బ్రహ్మాండం. కానీ 1998లో కార్నింగ్ ఆ వ్యాపారం అమ్మేసింది, తర్వాత అదే పేరుతో వచ్చినవి చాలావరకు మామూలు స్టోన్‌వేర్, అంటే కాల్చిన మట్టివి, స్టవ్ మీద పెడితే పగులుతాయి. అడుగున రేంజ్‌టాప్‌కి, అంటే స్టవ్ మీదికి, పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసుకో, "నో స్టవ్‌టాప్" అని ఉంటే అది తర్వాతది. ఆ నీలం పూల గిన్నెకి వేల డాలర్లు వస్తాయని యూట్యూబ్‌లో చెబుతుంటారు, అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు.

రంగురంగుల పైరెక్స్ గిన్నెలు చూస్తే నీకు మనసాగదు, నాకు తెలుసు. బయటి పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది, షెల్ఫ్‌లో పెట్టుకో, పిండి పులియబెట్టకు. రంగులేని గాజుది వాడుకో. కొరెల్ ప్లేట్లయితే 2005కి ముందు వాటిని అలంకారానికే ఉంచుకోమని కంపెనీయే చెప్పింది, కాబట్టి పూలున్న పాతవి వద్దు. ఫియెస్టా పింగాణీ వెస్ట్ వర్జీనియాలోని న్యూవెల్‌లో ఇప్పటికీ చేస్తున్నారు, 1986లో మళ్లీ మొదలుపెట్టినప్పటి నుంచి సీసం లేకుండా చేస్తున్నారు. అంతకుముందు నాటి ఎరుపులో యురేనియం కూడా కలిపేవాళ్లు, అది మాత్రం అన్నం తినడానికి కాదమ్మా.

చపాతీ పిండికి కిచెన్‌ఎయిడ్ మిక్సర్ కావాలంటే, దాని మీద హోబార్ట్ అనే పేరు ఉందేమో చూడు. మీ ఒహాయోలోని ట్రాయ్ ఊరి కంపెనీ అది, 1986లో విర్ల్‌పూల్ చేతికి వెళ్లేదాకా వాళ్లే చేశారు. కొట్లోనే ప్లగ్ పెట్టి అన్ని స్పీడులూ తిప్పి చూడు, ఒక మాదిరి మోత ఉంటే గ్రీజు మార్పిస్తే సరిపోతుంది, కాలిన వాసన వస్తే వదిలెయ్.

జాకెట్లు కుట్టుకుంటావు కదా, నల్లటి చిన్న సింగర్ 221 కుట్టుమిషన్, వీళ్లు ఫెదర్‌వెయిట్ అంటారు, దాని కోసం కళ్లు తెరుచుకుని ఉండు. అడుగున సీరియల్ నంబరు ఎ అక్షరంతో మొదలైతే న్యూజెర్సీలోని ఎలిజబెత్‌లో చేసింది, ఇ తో మొదలైతే స్కాట్లాండ్‌ది. రెండూ మంచివే. సూటిగా గట్టి కుట్టు ఒక్కటే వేస్తుంది, చంకల దగ్గర మడత మీద మడత వచ్చినా ఆగదు. బాబిన్ కేసు ఉందో లేదో కొనేముందే తెరిచి చూడు, అది లేకుండా అమ్ముతుంటారు, విడిగా కొంటే ఖరీదు. ఇండియాకి పట్టుకెళ్లాలనుకోకు, 110 వోల్టుల మోటారు, అక్కడ తిన్నగా పెడితే కాలిపోతుంది.

బట్టల గురించి తక్కువే చెబుతా, నాకంటే నీకే తెలుసు. లోపలి కుట్టులో ఐఎల్‌జీడబ్ల్యూయూ అనే యూనియన్ లేబుల్ ఉంటే ఇక్కడే కుట్టింది, 1995కి ముందుది, ఎందుకంటే ఆ ఏడాది ఆ యూనియన్ ఇంకోదానిలో కలిసిపోయింది. ఆర్‌ఎన్ నంబరు ఉంటే మాత్రం మోసపోకు, అది ఇక్కడి వ్యాపారికి ఇచ్చే నంబరు, బట్ట ఎక్కడైనా కుట్టి ఉండొచ్చు. లీవైస్ వాళ్లయితే ఇక్కడున్న తమ చివరి ఫ్యాక్టరీలని 2004 ప్రారంభానికల్లా మూసేశారు. పెండిల్టన్ ఉన్ని చొక్కా దొరికితే తీసుకో, కానీ వెలుతురుకి ఎదురుగా పట్టి చిమ్మట కన్నాలు చూడు.

పిల్లల ఉయ్యాల మంచాలు, కార్ సీట్లు ఎంత చవగ్గా ఉన్నా ముట్టుకోకు. ఒకవైపు కమ్మీల గోడ కిందికి జారే ఉయ్యాల మంచాల అమ్మకాన్ని 2011లోనే నిషేధించారు.

చివరగా, కొట్టుకి ఒక్కదానివే వెళ్లు. మీ ఆయన్ని తీసుకెళ్తే పావుగంటలో "ఇంకా అవలేదా" అంటాడు, లేకపోతే తనే టూల్స్ దగ్గర పడి ఎస్ట్‌వింగ్ సుత్తి పట్టుకుని కదలడు. గుడ్‌విల్‌లో చాలాచోట్ల వారానికో రంగు ట్యాగ్ మీద తగ్గింపు ఉంటుంది, లోపలికి వెళ్లగానే ఆ వారం రంగు ఏదో అడుగు. చేతిలో చిన్న అయస్కాంతం, ఫోన్ టార్చి ఉంచుకో. పెనం కనిపిస్తే ముందు బండిలో పెట్టుకో, ఆలోచన తర్వాత, అరమీద వదిలి గూగుల్ చేస్తుంటే ఇంకొకరు పట్టుకుపోతారు. అడుగు భాగం ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, బిల్లు కట్టాక కాదు, కట్టేముందు. పగలైతే వెంటనే చూస్తా, సాయంత్రం ఆరు దాటితే మీ పెదనాన్న ఫోన్‌కి పంపు.

మీ పెద్దమ్మ