మారిషస్‌లో ఇల్లు చూసుకునే ముందు

చిన్నీకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇళ్ళ ఫొటోలు చూశాను. "దేశమే 65 కిలోమీటర్ల పొడుగు, ఎక్కడుంటే ఏంటి పెదనాన్నా" అని రాశావు చూడు, నేనూ అప్పట్లో అదే అనుకుని క్యూర్‌పీప్‌లో అద్దెకు దిగాను. అద్దె తక్కువ, ఇల్లు పెద్దది. దిగింది జూన్‌లో. మూడో వారానికి బీరువా తీస్తే నా తోలు బెల్టు నిండా పచ్చటి బూజు. మీ పెద్దమ్మ పట్టుచీర మడతల్లో తెల్లటి చుక్కలు. ఉప్పు డబ్బా మూత తీస్తే అడుగున నీళ్ళు. బట్టలు నాలుగు రోజులు దండెం మీదే ఉండేవి, చివరికి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకునేవాళ్ళం. అలాంటి రోజే ఒకసారి పని మీద పడమటి ఒడ్డున ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వెళ్తే, అక్కడ ఎండకి కళ్ళు తెరవలేకపోయాను. దూరం ముప్ఫై కిలోమీటర్లు కూడా లేదు!

ఇదంతా గాలి చేసే పని. ఆ దీవికి ఏడాదిలో ఎక్కువ భాగం ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి కొడుతుంది. మధ్యలో పీఠభూమి. క్యూర్‌పీప్ దాదాపు 550 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తడిగాలి ఆ ఎత్తెక్కుతూ చల్లబడి అక్కడే కురిసేసి, పడమటి వైపు ఉత్త చేతులతో దిగుతుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాల్ని పిండేసుకుని మన అనంతపురానికి ఏమీ మిగల్చవు కదా, అదే కథ. ఎత్తు మీద కొన్నిచోట్ల ఏడాదికి 4000 మిల్లీమీటర్ల దాకా వాన పడితే, పడమటి ఒడ్డున 900 పడితే గొప్ప. టామరిన్‌లో ఉప్పు మళ్ళు పెట్టింది ఆ ఎండ చూసుకునే.

అందుకని ఇల్లు చూసేటప్పుడు ఆఫీసు ఎంత దూరమో తర్వాత, ముందు ఎంత ఎత్తులో ఉందో అడుగు. నీ ఆఫీసు ఎబెన్‌లో కాబట్టి కాత్ర్ బోర్న్, రోజ్‌హిల్ వైపు చూడు. కొండకీ ఒడ్డుకీ మధ్య వాలులో ఉంటాయి. క్యూర్‌పీప్ అంత తడి ఉండదు, ఒడ్డున ఉన్నంత ఉక్కా ఉండదు. మెట్రో కూడా ఉంది. మీ నాన్న తూర్పు వాకిలి అంటాడు, పట్టించుకోకు. గాలి వచ్చే వైపు తలుపు పెట్టుకుంటే వాన తిన్నగా హాల్లోకే వస్తుంది. ఇంకోటి, ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణాన 20 డిగ్రీల దగ్గరుంది. చలికాలం మధ్యాహ్నపు ఎండ ఉత్తరం కిటికీలోంచి పడుతుంది. ఉత్తరాన కిటికీ లేని ఇల్లు ఎంత చవకైనా వద్దు.

కాలాలు కూడా తిరగేసి ఉంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేసవి, తర్వాత చలికాలం. సంక్రాంతికి ఫ్యాను వేసుకుంటావు. ఉగాదికి సెలవు ఇస్తారు కానీ అప్పటికి వేసవి వెళ్ళిపోతుంటుంది, మామిడికాయల కాలం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అక్కడ మన తెలుగువాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. మన కాకినాడ పక్క కోరంగి రేవులో ఓడెక్కిన కూలీల వల్ల వచ్చిన పేరు. ఆ పెద్దవాళ్ళతో పరిచయం పెంచుకో, ఏ వీధిలో నీళ్ళు నిలుస్తాయో వాళ్ళకి తెలుసు.

తుఫాన్ల టైమూ ఆ వేసవే. దివిసీమ ఉప్పెన విన్న పిల్లవి కాబట్టి సముద్రం మీద పడుతుందని భయపడతావు. మన బంగాళాఖాతం ఒడ్డున లోతు తక్కువ, నీరు ఎగదన్నుకొస్తుంది. ఆ దీవి లోతైన సముద్రంలోంచి నిటారుగా లేచింది, చుట్టూ పగడపు దిబ్బ కాపలా. సముద్రం అసలు రాదని కాదు, కానీ అక్కడ ఎక్కువ భయం గాలీ, వానా. 1960లో కరోల్ తుఫాను వేల ఇళ్ళు కూల్చేశాకే కాంక్రీటు కప్పులు బాగా పెరిగాయి. రేకుల ఇల్లు మాత్రం తీసుకోకు. హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి. రెండు అనగానే బకెట్లలో నీళ్ళు పట్టుకో, ఫోను ఛార్జింగ్ పెట్టుకో. మూడు వచ్చాక రోడ్డెక్కకు. నాలుగంటే 120 కిలోమీటర్ల ఈదురుగాలి వచ్చేసినట్టే. మధ్యలో ఒక్కసారిగా గాలి ఆగి చుక్కలు కనిపిస్తే బయటికి రాకు, అది తుఫాను కన్ను. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. నేనొకసారి వరండాలో కుర్చీ లోపల పెడదామని వెళ్ళి, తలుపు మూసుకోలేక మీ పెద్దమ్మ చేత తిట్లు తిన్నాను.

తుఫాను లేకపోయినా రాజధాని పోర్ట్ లూయీని నమ్మకు. దాని వెనకంతా కొండలే. 2013 మార్చి 30న రెండు గంటలు కూడా పట్టని వానకి నీరు ఊరి మీద పడి 11 మంది పోయారు. కొందరు చిక్కుకుపోయింది నేలకింద పార్కింగులో, నడిచే సొరంగంలో. పెద్ద వానలో అలాంటి చోట్లకి దిగకు.

ఈతకి పగడపు దిబ్బ ఉన్న ఒడ్డుకే వెళ్ళు, కాళ్ళకి రబ్బరు చెప్పులతో. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర దిబ్బకి గండి ఉంది, అలలు తిన్నగా వచ్చి రాతిని కొడతాయి. అక్కడ చూడటమే.

ఇల్లు ఖాయమయ్యాక ఎత్తు ఎంతో రాయి. మీ పెద్దమ్మ నీ పెట్టెలో వడియాల పిండి పెట్టాలా, వేయించిన వడియాలే పెట్టాలా అని అడుగుతోంది.

పెదనాన్న