మీ సందేహం – మా సమాధానం: డబ్బు కడితే ప్రాసెసర్ వేగం పెరుగుతుందా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో పెంటియమ్ జీ6951 ఉన్న పాత సిస్టమ్ చూశాను. ‘తర్వాత ఓ కార్డు కొని కోడ్ కొడితే స్పీడ్ పెరుగుతుంది’ అంటున్నాడు షాపతను. నిజమేనా?
– ఓ పాఠకుడు, మౌలాలి

జవాబు: ఒకప్పుడు నిజమే. 2010లో ఇంటెల్ సరిగ్గా ఈ ప్రాసెసర్‌కే 50 డాలర్ల కార్డు అమ్మి చూసింది. కంపెనీ ఇచ్చే చిన్న ప్రోగ్రామ్‌లో కార్డు మీది పిన్ కొట్టి రీస్టార్ట్ చేస్తే, 3 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 4 ఎంబీ అయ్యేది, ఒక్కో కోర్ రెండేసి పనులు (థ్రెడ్స్) నడిపే హైపర్‌థ్రెడింగ్ ఆన్ అయ్యేది. కొత్తగా చేరేదేమీ లేదు. చిప్‌లో మొదట్నుంచీ ఉన్నదానికే తాళం తీయడం. కొన్న వస్తువుకే మళ్లీ డబ్బులడిగితే జనం మండిపడరా మరి! అయినా 2011లో ఇంకో మూడు చిప్‌లకు ఇదే పథకం పెట్టారు. ఉదాహరణకు కోర్ ఐ3-2102 వేగం 3.1 నుంచి 3.6 గిగాహెర్ట్జ్‌కు పెరిగేది. తర్వాత మొత్తానికే ఎత్తేశారు. ఇప్పుడు కోడ్ ఇస్తామనేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

బేరానికి ముందు షాపులోనే ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ రన్ చేయించండి. థ్రెడ్స్ 4, ఎల్3 4 ఎంబీ అని చూపిస్తే పాత ఓనరు అన్‌లాక్ చేయించినట్టు. థ్రెడ్స్ 2, ఎల్3 3 ఎంబీ అని ఉంటే చేయించలేదు, ఇక కుదరదు కూడా.

వేగమే కావాలంటే అదే ఎల్‌జీఏ 1156 సాకెట్‌లో సెకండ్‌హ్యాండ్ ఐ5-760 కూర్చుంటుంది. 4 కోర్లు, 95 వాట్లు. మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చిన సీపీయూ జాబితాలో దాని పేరు, కావలసిన బయోస్ (సిస్టమ్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) వెర్షన్ చూసుకుని, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి. చాలామంది పొరబడేది ఆ తర్వాతే: జీ6951లో గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి, ఐ5-760లో ఉండవు. బోర్డు మీది వీజీఏ పోర్టులో బొమ్మ రాదు. ప్రాసెసర్ పోయిందనుకుని వెనక్కి ఇచ్చేస్తారు. నిజానికి వేరే గ్రాఫిక్స్ కార్డు పెడితే చాలు. హీట్‌సింక్ తీసినప్పుడు ఎండిన థర్మల్ పేస్టు తుడిచేసి, బఠాణీ గింజంత కొత్తది వేయండి. టైపింగ్, బ్రౌజింగ్‌కే అయితే మాత్రం ప్రాసెసర్ జోలికే పోవద్దు, ఎస్‌ఎస్‌డీ వేయించండి.

ప్రశ్న: నా దగ్గర ఏఎమ్‌డీ ఫెనమ్ 2 ఎక్స్2 550 ఉంది. పైసా ఖర్చు లేకుండా నాలుగు కోర్లు చేసుకోవచ్చట?
– ఓ డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చేసుకోవచ్చు, అదృష్టం ఉంటే. అది నాలుగు కోర్ల చిప్పే, రెండు మూసేశారు. కొన్నిట్లో ఆ కోర్లు బాగానే ఉంటాయి, డిమాండును బట్టి మూసినవి. కొన్నిట్లో నిజంగానే లోపం ఉంటుంది. బయటి నుంచి చూసి చెప్పలేం.

మీ బోర్డు మీది సౌత్‌బ్రిడ్జ్ చిప్ ఎస్‌బీ710 లేదా ఎస్‌బీ750 అయితే బయోస్‌లో ‘అడ్వాన్స్‌డ్ క్లాక్ క్యాలిబ్రేషన్’ను ఆటోలో పెట్టండి. తర్వాతి కొన్ని బోర్డుల్లో ‘కోర్ అన్‌లాక్’ అనే ఉంటుంది. పనిచేస్తే స్టార్టింగ్ స్క్రీన్‌లో ఎక్స్4 బీ50 అని పేరు మారుతుంది. తెర నల్లగానే ఉండిపోతే ప్లగ్ పీకి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ కాసేపు తీసి పెట్టండి, సెట్టింగ్ పాతదానికి వచ్చేస్తుంది.

విండోస్ తెరుచుకోగానే పండగ చేసుకోకండి. ప్రాసెసర్‌ను పూర్తి లోడ్‌తో పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రామ్‌లో బ్లెండ్ టెస్ట్ రాత్రంతా నడపండి. ఏదో ఒక కోర్‌లోనే తప్పులొస్తే, బోర్డులో ఆ వెసులుబాటుంటే, దాన్నొక్కదాన్నే మూసి మూడింటితో సరిపెట్టుకోండి. అన్‌లాక్ అయ్యాక కోర్ టెంపరేచర్ రీడింగులు తప్పుగా రావచ్చు, బోర్డు చూపించే సీపీయూ టెంపరేచర్‌నే నమ్మండి. చిప్ 80 వాట్లదని దాంతో వచ్చిన చిన్న ఫ్యాన్‌నే ఉంచితే మన ఏప్రిల్, మే ఎండల్లో సిస్టమ్ ఆగిపోతుంది. నాలుగు కోర్ల చిప్‌కు సరిపడే కూలర్ వేయండి.

ప్రశ్న: సర్వర్లలో వాడే ఇంటెల్ జియాన్ ప్రాసెసర్లలో ఇప్పటికీ ఇలాంటిదే ఉందని విన్నాను. కోర్లు పెరుగుతాయా?
– ఓ సిస్టమ్ అడ్మిన్, గచ్చిబౌలి

జవాబు: పెరగవు. 2023 జనవరిలో వచ్చిన నాలుగో తరం జియాన్‌తో ‘ఇంటెల్ ఆన్ డిమాండ్’ మొదలైంది. తెరుచుకునేవి ముఖ్యంగా ఎన్‌క్రిప్షన్, కంప్రెషన్ చేసే క్యూఏటీ, డేటాను కదిలించే డీఎస్‌ఏ లాంటి యాక్సిలరేటర్లు (ఒక్కో పనికి ప్రత్యేకించిన భాగాలు). లినక్స్‌లో దీని డ్రైవర్ 5.18 కెర్నెల్ నుంచి ఉంది. లైసెన్స్ ఆ ఒక్క ప్రాసెసర్‌కే ముడిపడి ఉంటుంది, పక్క సర్వర్‌కు పనికిరాదు. లోడ్ చేశాక మామూలు రీబూట్‌తో సరిపెట్టకుండా సర్వర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. మీ సాఫ్ట్‌వేర్ క్యూఏటీని వాడకపోతే లైసెన్స్ కొన్నా తేడా సున్నా, వాడుతుందా, లైసెన్స్ ఇప్పటికీ ఇస్తున్నారా అన్నది ముందు వెండరును అడగండి.