నీ కౌబాయ్‌ని మళ్లీ చూసే ముందు

పర్లాకిమిడి

నాయనా,

ఆశీస్సులు. నీ ఫోను పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. చెప్పాలనుకున్నది ఫోనులో సగం కూడా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

"పాపకు నా చిన్నప్పటి హీరోను చూపిద్దామని కూర్చోబెట్టాను అత్తా. అరగంట కాకముందే అది నవ్వడం మొదలుపెట్టింది, నేనే కట్టేశాను" అన్నావు. నీ గొంతు చిన్నబోయింది. నాకు అర్థమైంది, ఎందుకంటే ఆ దెబ్బ నేనూ తిన్నాను. నీది 1990లో 'కొదమసింహం'లో చిరంజీవి పెట్టుకున్న కౌబాయ్ టోపీ. నాది 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ పెట్టుకున్న టోపీ. అప్పుడు నాకు పదకొండేళ్లు, మీ నాన్నకు పదహారు. కొన్నేళ్ల క్రితం ఆ సినిమా ఫోనులో దొరికితే ఆశగా పెట్టుకున్నాను. పాటలు దాటించాను, ఫైట్లు దాటించాను, చివరికి సినిమానే దాటించేశాను. రెండు రోజులు మనసు బాగోలేదు.

మళ్లీ 2023 మే 31న, కృష్ణ పుట్టినరోజుకు, పాత ప్రతిని శుభ్రం చేసి థియేటర్లకు పంపారు. మీ నాన్నా నేనూ విశాఖ వెళ్లి చూశాం. అదే సినిమా, అదే నేను. కానీ ఈసారి ఇంటికి వచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

కాబట్టి మొదట చెప్పేది ఇదే: ఫోనులో చూడకు. నా సినిమాను రాజస్థాన్ ఇసుకలో, ఎండలో తీశారు. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా ముందు అంత పెద్ద ఎడారి ఉంది. అరచేతిలో పెట్టుకుంటే గుర్రం మీద మనిషి చీమంత కనిపిస్తాడు, చీమను చూసి ఎవరికి గుండె కొట్టుకుంటుంది? థియేటర్ దొరకకపోతే ఇంట్లో ఉన్న పెద్ద టీవీ మీదే చూడు. దీపాలు ఆర్పు. ఏదీ దాటించకు, విసుగు పుట్టించే చోట కూడా. ఆ విసుగులోనే ఆ కాలం నడక ఉంది.

మొదటిసారి పాపను పక్కన కూర్చోబెట్టుకోవద్దు. అది పక్కన ఉంటే నీ కళ్లు తెర మీద ఉండవు, దాని ముఖం మీద ఉంటాయి. హీరో తరఫున నువ్వు పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. ముందు నువ్వొక్కడివే చూడు. నువ్వు రాజీపడ్డాక పిల్లను పిలువు.

చూసేటప్పుడు, గెలిచే మనిషిని కాక పనిచేసే మనిషిని చూడు. పదకొండేళ్లప్పుడు నాకు కృష్ణ ఎప్పుడూ అలసిపోని మనిషి. ఇప్పుడు చూస్తే ఆయన అలుపే నాకు కనిపించింది. 1965లో 'తేనె మనసులు'లో స్కూటర్ మీద కారును వెంబడించి, డూప్ లేకుండా కారు మీదికి దూకాడు. ఆ ఒక్క దూకుడు చూసే ఆయనకు మరుసటి ఏడాది 'గూఢచారి 116' ఇచ్చారని సినిమావాళ్లు చెప్పుకుంటారు. 1972లో ఒక్క ఏడాదిలోనే ఆయనవి పద్దెనిమిది సినిమాలు వచ్చాయి. లెక్క వెయ్యి: నెలకు ఒకటిన్నర. పొద్దున ఒక వేషం, మధ్యాహ్నం ఒక వేషం, రాత్రి ఇంకొకటి. నృత్యం ఆయనకు రాలేదు, అది నిజమే, ఇప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కానీ రాదని ఎక్కడా దాచుకోలేదు. ముప్పై ఏళ్లు బడిలో పనిచేసి వచ్చిన దాన్ని నేను. నిద్ర చాలని కళ్లతో పనికి వచ్చి నిలబడ్డ మనిషిని నేను గుర్తుపట్టగలను. నువ్వూ గుర్తుపడతావు. చిన్నప్పుడు ఆయన మీద ఉన్నది మోజు. ఇప్పుడు నాకున్నది గౌరవం, అది మోజు కంటే బరువైనది.

"అదంతా కాపీ అత్తా" అని కూడా అన్నావు. టోపీ పరాయిదే, కాదనను. అమెరికా కౌబాయ్‌ని ఇటలీవాళ్లు తీసుకున్నారు, ఆ ఇటలీవాళ్లే 1964లో తమ సినిమా కథను జపాన్ దర్శకుడు కురొసావా దగ్గర ఎత్తుకున్నారు. దారిలో ఇన్ని చేతులు మారిన టోపీ తెలుగువాడి తల మీదికి వచ్చేసరికి దానికి మాటలు రాసింది ఆరుద్ర. తెలుగు సాహిత్య చరిత్ర 'సమగ్రాంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రే. అందుకే కళ్లకు ఏదైనా వెలితిగా అనిపించినప్పుడు కళ్లు మూసుకుని మాటలు విను.

ఈ మాట దగ్గర కాస్త ఆగుతాను, నాకిది ముఖ్యం. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరే అయినా, నా చదువు ఒడియాలో సాగింది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం, చదవడం రాదు. బజారు మలుపులో గోడ మీద ఆ సినిమా పోస్టరు అంటించారు. మైదా జిగురు ఇంకా ఆరలేదు, కింది అంచు నుంచి బొట్లు కారుతున్నాయి. మీ నాన్న నా వేలు పట్టుకుని ఒక్కొక్క అక్షరం మీద పెట్టి చదివించాడు. 'మో' వచ్చింది, 'స' వచ్చింది, 'గా' వచ్చింది. 'ళ్ల' దగ్గర వేలు ఆగిపోయింది. ఒడియాలోనూ 'ళ' ఉంది, పలకడం కష్టం కాదు, కానీ కింద వేలాడుతున్న ఆ ఒత్తు ఏమిటో నాకు తెలియదు. నా వేలిని ఆ ఒత్తు చుట్టూ తిప్పి చూపించాడు. వేలికి జిగురు అంటింది. నేను నేర్చుకున్న మొదటి తెలుగు ఒత్తు అది. తర్వాత బడిలో పిల్లలకు తెలుగు చెప్పినన్నాళ్లూ ఆ జిగురు నా వేలికి ఉన్నట్టే ఉండేది.

ఇక నీకు ఇబ్బంది కలిగించిన విషయం. ఆ కాలపు యాక్షన్ సినిమాల్లో ఆడవాళ్లను చూపించిన తీరు, చెంపదెబ్బల మీద నడిపిన హాస్యం. పాపతో "ఆ రోజుల్లో అంతే" అని మాత్రం అనకు. ఆ రోజుల్లో నేనూ ఉన్నాను, నాకూ నచ్చలేదు, నోరు తెరిచి చెప్పే వీలు లేకపోయింది. అలాంటి చోట సినిమా ఆపి "ఇది తప్పు" అని చెప్పు, మళ్లీ మొదలుపెట్టు. ఇష్టపడినవాళ్ల తప్పు ఒప్పుకుంటే ఇష్టం చచ్చిపోదు. పాపకు ఇంకొకటి కూడా చెప్పు: నా సినిమాలో కథానాయిక విజయనిర్మల ఆ తర్వాత నలభై నాలుగు సినిమాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఈ మాట విన్నాక అది తెర మీద ఆమెను చూసే చూపే మారుతుంది.

చివరిగా ఒక సంగతి. ఆ సినిమా మన ఊరికి రావడానికి నెలలు పడుతుందని, టెక్కలిలో ఆడుతోందని తెలిసి మీ నాన్న నన్ను చిన్నరైలులో తీసుకెళ్లాడు. అప్పట్లో నౌపడ నుంచి గుణుపూర్ దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే రైలు, బొగ్గు ఇంజను. కిటికీ దగ్గర కూర్చున్నానేమో, కంట్లో నలుసు పడింది. హాలులో సగం సినిమా ఒక కన్ను నలుపుకుంటూ చూశాను. మీ నాన్న తన చొక్కా కొసను నోటి ఆవిరితో వెచ్చచేసి కంటికి అద్దుతూనే ఉన్నాడు, తెర వైపు చూడకుండా. యాభై ఏళ్లుగా ఆ కథానాయకుడిని తలుచుకుంటే నాకు బొగ్గుపొగ వాసన వచ్చేది, కన్ను మండేది. అదంతా ఎడారి దుమ్మే అనుకున్నాను. విశాఖలో చూసినప్పుడు ఆ వాసన తెర మీద ఎంత వెతికినా దొరకలేదు. పక్కకు తిరిగితే మీ నాన్న కూర్చుని ఉన్నాడు.

నీ సినిమాకు నిన్ను తీసుకెళ్లింది కూడా ఆయనే. అందులో వెతికి దొరకనిది ఏదైనా ఉంటే ఆయనను అడుగు.

దసరాకు ఆయన భువనేశ్వర్ వస్తున్నాడు కదా. ఆ రోజు చూడండి, ముగ్గురూ. ఆయనకు ఎడమ చెవి సరిగ్గా వినిపించడం లేదు, కుడివైపు కూర్చో. శబ్దం కొంచెం పెంచు. మధ్యలో ఆయన ఏదైనా చెప్పడం మొదలుపెడితే, అది ఎంత గొప్ప ఫైటైనా సరే, సినిమా ఆపు.

మీ అత్త