అన్నగారూ, అమ్మాయి తెలుగు మీడియం సంగతి దాచనక్కర్లేదు

ప్రశ్న: మాది గుంటూరు మేడమ్. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లిష్ చదివి, నాగార్జునా యూనివర్సిటీలో బీఈడీ చేసింది. నాలుగేళ్లుగా విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెబుతోంది. బ్యాంకాక్ దగ్గర ఒక స్కూలుకు దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంకా 12 రోజులుంది. ఆన్‌లైన్‌లోనే, అందులోనే పది నిమిషాల డెమో క్లాసు కూడా ఉందట. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివానన్న మాట అక్కడ ఎత్తొద్దని తోటి టీచర్లు చెబుతున్నారు. యాస మార్చే కోర్సు ఒకటి ఉంది, 15 వేలట. ఇదిలా ఉండగా ఒక ఏజెంటు, లక్షన్నర ఇస్తే ఇంటర్వ్యూ లేకుండానే అక్కడే ఇంకో స్కూల్లో పెట్టిస్తానంటున్నాడు. ముందు టూరిస్టుగా వెళ్ళి తర్వాత వీసా మార్చుకోవచ్చట. నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, మా ఆవిడకు అసలు రాదు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నగారూ, ముందు ఏజెంటు సంగతి తేల్చేద్దాం. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మూట విప్పి చూడకుండా, కాయ విరిచి చూడకుండా టిక్కీలు (మిర్చి బస్తాలు) కొనే షావుకారు మీ యార్డులో ఎవరైనా ఉన్నాడా? టీచరు మొహం చూడకుండా, పాఠం వినకుండా ఉద్యోగమిచ్చే స్కూలూ అలాంటిదే. థాయ్‌లాండ్‌లో పాఠం చెప్పాలంటే ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకిచ్చే నాన్ ఇమ్మిగ్రెంట్ బి వీసా, దానిపైన వర్క్ పర్మిట్ ఉండాలి. టూరిస్టుగా వెళ్ళి క్లాసులో నిలబడితే అక్కడ చట్టానికి దొరికేది మీ అమ్మాయి, ఏజెంటు కాదు. థాయ్‌లాండ్‌లో ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్ళను సరిహద్దు దాటించి మయన్మార్‌లోకి తరలిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. ఆ వల ఎక్కువగా కంప్యూటర్ చదువులవాళ్ళ కోసం వేసింది. వల పద్ధతి మాత్రం ఇదే. ఎప్పుడైనా ఏజెంటు అవసరం నిజంగా పడితే విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని లైసెన్సు నంబరు చూసుకోండి. లైసెన్సున్న ఏజెంటైనా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్షన్నర అన్నప్పుడే అతనెవరో తెలిసిపోయింది.

యాస కోర్సూ వద్దు. పన్నెండు రోజుల్లో యాస మారదు. అరువు తెచ్చుకున్న అమెరికన్ యాస మూడో ప్రశ్నకల్లా జారిపోతుంది, వినేవాళ్ళకు అదే ఎక్కువ ఎబ్బెట్టు. అమ్మాయి దిద్దుకోవలసినవి నాలుగైదున్నాయి, అవి ఇంట్లో కూర్చునే దిద్దుకోవచ్చు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్‌ను బస్సు, పెన్‌ను పెన్ను చేసేస్తాం. ‘ఎగ్’ ముందు ‘య’కారం, ‘ఓన్లీ’ ముందు ‘వ’కారం తెలియకుండానే వచ్చి కూర్చుంటాయి. బనియన్ అనే వెస్టుకూ పడమర అనే వెస్టుకూ మన నోట తేడా ఉండదు. ఒకదానికి పై పళ్ళు కింది పెదవిని తాకాలి, రెండోదానికి పెదాలు గుండ్రంగా చుట్టాలి. వీటన్నిటికంటే పెద్దది ఊనిక. ఫొటోగ్రాఫ్‌లో బరువు మొదట పడుతుంది, ఫొటోగ్రఫీలో ‘టో’ మీద, ఫొటోగ్రాఫిక్‌లో ‘గ్రా’ మీద. మనం మూడింటినీ ఒకే తూకంలో అనేస్తాం. రోజూ ఇరవై నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినమనండి. 15 వేలు మిగుల్తాయి.

మాటల్లో కూడా కొన్ని మన ఇంటివి ఉన్నాయి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే బయటివాళ్ళకు స్పృహ తప్పి పడిపోయానని వినిపిస్తుంది. ‘ఐ యామ్ హావింగ్ ఫోర్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’, ‘టుడే మార్నింగ్’, ప్రశ్న అడగబోతూ ‘ఐ హావ్ ఎ డౌట్’ అనడం, ఇవన్నీ మన మధ్య చెల్లుతాయి. అక్కడ ఇంగ్లిష్ చెప్పబోయే టీచరు నోట మాత్రం వినపడకూడదు.

ఇక తెలుగు మీడియం. దాచమన్నవాళ్ళు మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ పొరపాటు సలహా. ఇంటర్వ్యూలో ఏదో ఒక రూపంలో ఒక ప్రశ్న వస్తుంది: ‘ఇంగ్లిష్ నీ మాతృభాష కాదు కదా, నిన్నెందుకు తీసుకోవాలి?’ దీనికి చాలామంది తడబడి, చిన్నప్పటినుంచీ ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడతామని అబద్ధం చెబుతారు. మీ అమ్మాయి నిజం చెప్తే చాలు. పరాయి భాషను క్లాసులో బెంచీ మీద కూర్చుని నేర్చుకున్న మనిషి తను. ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకంటే తనకే బాగా గుర్తుంటుంది. ఊరికే అలా అంటే గొప్పలు చెప్పినట్టుంటుంది కాబట్టి పక్కన ఒక ఉదాహరణ పెట్టాలి. నేనైతే ఇది పెడతాను. మన నాలుక ఇంగ్లిష్ మాట చివర అచ్చు తగిలిస్తుంది, థాయ్ నాలుక చివరి హల్లును మింగేస్తుంది లేదా మార్చేస్తుంది. వాళ్ళ భాషలో మాట చివర ‘ల’ పలకదు, ‘న’ అవుతుంది. అందుకే ఫుట్‌బాల్ అక్కడ ఫుట్‌బాన్ అవుతుంది. ‘మా పిల్లలు బస్సు అంటారు, మీ పిల్లలు ఫుట్‌బాన్ అంటారు, రెండు చోట్లా చిక్కు మాట చివరే. మా పిల్లలకు ఇలా దిద్దాను’ అని తన క్లాసులో చేసిన పని రెండు వాక్యాల్లో చెప్తే అవతలివాళ్ళు పెన్ను తీసి రాసుకుంటారు.

ఈ మాట కూడా చెవిన వేయండి: అక్కడ టీచరును ‘ఖ్రూ’ అంటారు. అది మన ‘గురు’వే. చిన్న తరగతులు ‘ప్రథోమ్’, పెద్ద తరగతులు ‘మత్తయోమ్’, అంటే ప్రథమ, మధ్యమ. మత్తయోమ్ ఒకటి మన ఏడో తరగతికి సమానం. ఏటా బడి మొదలయ్యాక పిల్లలు పూలతో గురువులకు మొక్కే పండుగ ‘వై ఖ్రూ’ చేస్తారు, అదీ సాధారణంగా గురువారమే. ‘థాయ్‌లాండ్ ఎందుకు?’ అనే ప్రశ్నకు బీచ్‌ల గురించి చెప్పేవాళ్ళు వందమంది ఉంటారు, ఈ మాట చెప్పేవాళ్ళు తక్కువ.

అసలు పరీక్ష డెమో దగ్గర. నా కథ చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఒక విదేశీ స్కూలు డెమోకి వెళ్ళాను. పన్నెండు నిమిషాల్లో పదకొండు నేనే మాట్లాడాను. గ్రామర్ సూత్రం ధారాళంగా వివరించాను, బోర్డు నింపేశాను, చివర ‘అర్థమైందా?’ అన్నాను. ఎదుట కూర్చున్న ఇద్దరూ నవ్వుతూ తలూపారు. ఉద్యోగం రాలేదు. నా ఇంగ్లిష్ బాగుందన్నారు, పిల్లలు ఎప్పుడు మాట్లాడతారని మాత్రం అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మాయి ఏ పాఠం ఎంచుకుందో మీరు రాయలేదు. ఇంకా తేల్చుకోకపోతే ఇది చూడమనండి. ఒక సంచీ, దాంట్లో తాళంచెవి వెతుకుతున్నట్టు అభినయం. జేబులు తడుముకోవడం, కంగారు. అప్పుడు ‘ఐ హావ్ లాస్ట్ మై కీ’ అనాలి. సూత్రం చెప్పకూడదు. అడగాలి: ఇప్పుడు నా దగ్గర తాళంచెవి ఉందా? లేదు. ఎప్పుడు పోయిందో చెప్పానా? చెప్పలేదు. తర్వాత ‘ఐ లాస్ట్ మై కీ యెస్టర్‌డే’ అని, ఇప్పుడు చెప్పానా? చెప్పారు, నిన్న. అంతే, రెండు కాలాల మధ్య తేడా పిల్లల నోటినుంచే వచ్చేస్తుంది. మన స్కూళ్ళలో ‘అర్థమైందా’ అంటే క్లాసంతా ‘అర్థమైందీ’ అని రాగం తీస్తుంది కదా, ఆ రాగం వల్ల టీచరుకు ఏమీ తెలియదు. తాళంచెవి గురించి అడిగినలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే మాత్రం పిల్లాడికి నిజంగా అర్థమై ఉండాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ చేసేవాళ్ళిద్దరినీ జంటగా మాట్లాడుకోమనాలి. మొహమాటపడొద్దు, డెమోలో వాళ్ళే పిల్లలు. అందరి ముందు తప్పు మాట్లాడడానికి థాయ్ పిల్లలు బాగా జంకుతారు, కాబట్టి ముందు పక్కవాడితో అని, తర్వాత క్లాసుకు చెప్పే పద్ధతి అక్కడ పనికొస్తుంది. వాళ్ళిద్దరిలో ఒకరు కావాలని మొద్దబ్బాయి వేషం వేసి నోరు విప్పకపోవచ్చు. అది అమ్మాయిని చూడడానికే. జవాబు తానే చెప్పేసి ముందుకు పోకుండా, ప్రశ్న మార్చి ఇంకోసారి అడిగి కాస్త ఆగాలి.

ఇంకో చిక్కు. ఇక్కడ క్లాసులో ఇరుక్కుంటే ఒక తెలుగు మాట చెప్పి గట్టెక్కుతాం. అక్కడ ఆ తెప్ప లేదు. అందుకే రిహార్సల్‌కు ఇంగ్లిష్ రాని విద్యార్థులు కావాలి. మీకు అంతంతమాత్రమేనని ఉత్తరంలో రాశారు, వదినగారికి అసలు రాదన్నారు. మీకంటే మంచి విద్యార్థులు దొరకరు. ఇద్దరూ పిల్లలుగా కూర్చోండి, ఫోన్‌ను గోడకు ఆనించి రికార్డు చేయండి. తర్వాత గడియారం పట్టుకుని పదిలో అమ్మాయి గొంతు ఎన్ని నిమిషాలుందో లెక్కపెట్టండి. నాలుగు దాటితే మళ్ళీ మొదటినుంచి.

‘నీ పాఠం ఎప్పుడైనా చెడిందా?’ అని కూడా అడుగుతారు. లేదనడం అన్నిటికంటే చెడ్డ జవాబు. నిజంగా చెడిన ఒక రోజు, మర్నాడు ఏం మార్చిందో చెప్పాలి. అల్లరి పిల్లల సంగతి వస్తే మన స్కూళ్ళలో స్కేలుకున్న గౌరవం గురించి పొరపాటున కూడా నోరు జారకూడదు. ఇక్కడే 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లల్ని కొట్టడం నిషిద్ధం.

కాగితాలు ఈ 12 రోజుల్లోనే మొదలుపెట్టండి, అవి నత్తలు. విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో పోలీసు క్లియరెన్సుకు దరఖాస్తు పెట్టొచ్చు. డిగ్రీల మీద రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖది. థాయ్ ఎంబసీ ముద్ర కూడా కావాలా అన్నది స్కూలును ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళను టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షల స్కోరు అడగడం అక్కడ మామూలే. టీచరు లైసెన్సు ఇచ్చేది ‘ఖురుసఫా’ అనే ఉపాధ్యాయ మండలి, అది లేనివారికి స్కూలే తాత్కాలిక అనుమతి తెప్పిస్తుంది. అమ్మాయికి బీఈడీ ఉండడం ఇక్కడ కలిసొస్తుంది. పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరమని) ఉందేమో చూడండి. ఆ ముద్ర ఉన్నవాళ్ళు ఉద్యోగానికి వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవలసిన దేశాల్లో థాయ్‌లాండ్ కూడా ఉంది. పది పాసైనవాళ్ళకు ఆ ముద్ర ఉండకూడదు, ఉంటే మార్పించుకోవాలి.

జీతం దగ్గర ఒక చేదు సంగతి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాలవాళ్ళకు ఒక జీతం, ఫిలిప్పీన్స్‌వాళ్ళకూ మనవాళ్ళకూ తక్కువ జీతం ఇచ్చే స్కూళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. న్యాయం కాదు, కానీ ఉంది. వెళ్ళాక తెలిసి కుమిలిపోయేకంటే ఇప్పుడే తెలియడం నయం. చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే జీతమెంతని కాకుండా, మార్చి, ఏప్రిల్ సెలవుల్లో జీతం వస్తుందా, ఒప్పందం పన్నెండు నెలలకా పదికా, వర్క్ పర్మిట్ ఖర్చు ఎవరిదని అడగమనండి.

బ్యాంకాక్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. పది గంటలకంటే మనకు ఎనిమిదిన్నర, సరిగ్గా కుక్కర్లు కూసే వేళ. కరెంటు పోతే ఫోన్ డేటా మీద నడిచేలా ముందే చూసుకోండి. అమ్మాయి వెనక దేవుడి క్యాలెండర్ ఉన్నా ఫర్వాలేదు, వెలుతురు మాత్రం మొహం మీద పడాలి. ఆ పూట వంటింటికి సెలవిచ్చి బయటినుంచి ఇడ్లీ తెప్పించండి. అదీ ఇంటర్వ్యూ అయ్యాకే.